బెజవాడ ప్లాట్‌ఫారం మీద గోల్ఫ్

యుద్ధం రోజుల్లో బెజవాడ స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే మనిషికి గడ్డం నెరిసేది. ఓ మధ్యాహ్నం నా పక్కనున్న నడివయసాయన ఏనుగు తొండమంత సంచీలోంచి వంకర మొన కర్ర ఒకటి తీశాడు.

"గోల్ఫ్ నా జీవనమండీ. మద్రాసులో దొరలకు ఆట నేర్పేవాణ్ణి. రబ్బరు కరువొచ్చి, బంతులు దొరక్క క్లబ్బు మూసేశారు. ఎల్లుండి కలకత్తా క్లబ్బులో నా దెబ్బ చూస్తారట. నచ్చితే ఉద్యోగం, లేకపోతే పెడనలో మా అన్నయ్య మగ్గం."

"బంతులు లేకుండా సాధన ఎలాగండీ?"

"ఉత్తినే కొడతానండీ."

లేచి, లేని బంతిని కొట్టాడు. ప్లాట్‌ఫారమంతా తలెత్తి చూసింది. ఇడ్లీలమ్మే మామ్మ గంప మీద కొంగు కప్పి, "అటు తిరిగి కొట్టు నాయనా!" అంది. బంతి ఎండలో మెరుస్తూ, కొండ అంచు రాసుకుంటూ, కృష్ణ మీద తేలుకుంటూ వెళ్లి గుంటూరు జిల్లాలో పడిందని ప్రమాణం చేసి చెప్పగలను.

"బ్రహ్మాండమండీ!" అన్నాను.

"లేదండీ, కుడికి పోయింది," అన్నాడు దిగులుగా.

అంతలో ఆయన రైలు వచ్చింది, కదలబోతూ కూత కూడా వేసింది. ఆయన ఆదరాబాదరాగా మరోటి కొట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. కర్ర సంచీలో దోపి రైలెక్కాడు.

ఆ ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. రెండోది మాత్రం తిన్నగానే పోయిందండీ, ఈ కళ్లతో చూశాను.