కరపత్రంలో జాగా దొరకని మా అమ్మ మాట

మా చిన్నప్పుడు ఓ ఎండాకాలం పొద్దున... అమ్మ తన కుట్టుమిషను వంటింటి గుమ్మం దగ్గర్నుంచి ఈడ్చుకొచ్చి ముందు గదిలో కిటికీ పక్కన వేసుకుంది. గవర్నర్‌పేటలో ఉండేవాళ్ళం. అప్పటిదాకా వీధిలోవాళ్ళకి మాత్రమే జాకెట్లు కుట్టిపెట్టేది. ఇక కొట్టులా పెడదామని ఆశ.

నాన్న సరేనన్నాడు. కానీ మైలవరంలో ఉండే మా పెదనాన్న మాట దాటి మా ఇంట్లో ఏదీ జరగదు. "శ్రావణం దాకా చూడండ్రా. నడిస్తే సరే, లేదంటే ఆ గది అద్దెకిచ్చేసుకోండి" అన్నారాయన. అమ్మ తలూపింది.

ఆ రోజుల్లో మాకు తెలిసిన టైలర్లంతా మగవాళ్ళే. వాళ్ళకి కొలతలివ్వడమంటే ఆడవాళ్ళకి సిగ్గు... పాత జాకెట్టొకటి 'ఆది'కి పంపేవాళ్ళు, దాన్ని చూసి కొత్తది కుట్టేవాళ్ళు. పాతదాంట్లో చంక పట్టేస్తుంటే కొత్తదాంట్లోనూ పట్టేసేది! ఏళ్ళ తరబడి అదే బిగుతు మోసేవాళ్ళు పాపం.

అందుకే కరపత్రం అచ్చేయిద్దామని నాన్న అనగానే అమ్మ ఒక్కటే అడిగింది. "ఏమండీ, మిగతాది మీ ఇష్టం. 'ఆడమనిషే కొలతలు తీసుకుని కుడుతుంది' అన్న మాట మాత్రం పైన పెద్దక్షరాల్లో ఉండాలి. అది చూస్తే చాలు, వాళ్ళే వస్తారు."

అంతే కదా! ఇంకేం కావాలి? కానీ మా వాళ్ళు ఊరుకుంటేగా...

"శుభమా అని కొట్టు తెరుస్తూ పెద్దల పేర్లు లేకుండా కాగితం పంచుతారట్రా?" అని పెదనాన్న మొదలెట్టారు. పైన దేవుడి బొమ్మ వచ్చింది. దాని కింద 'సకుటుంబంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన' వచ్చింది. ఆ కింద పేర్లు... పేర్లు... పేర్లు.

గన్నవరం నుంచి వచ్చిన మావయ్య, అంటే అమ్మ వాళ్ళ అన్నయ్య, తన పేరు పెదనాన్న పేరు కింద ఉందని అలిగి అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగిచ్చినా ముట్టలేదు. "మా చెల్లెలి కొట్టుకి నా పేరు రెండోదా బావా?" అని నాన్న మీద ఎగిరాడు. సరే, ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేద్దామంటే... ఎడమవైపు ఎవరు, కుడివైపు ఎవరని మళ్ళీ పేచీ!

నాన్న వెంట నేనూ ప్రెస్సుకెళ్ళాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చే కాలం. ప్రెస్సాయన కాగితం చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఇది కరపత్రమా అండీ, శుభలేఖా? జాగా చాలట్లేదు. ఏదో ఒకటి తీసెయ్యాలి."

నాన్న కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. పేరు తీస్తే ఆ మనిషి జన్మలో మా గడప తొక్కడు. దేవుణ్ణి తీయలేం. తీసినా అలగని మనిషిది అందులో ఒక్కటే మాట ఉంది...

అదే తీయించాడు.

అచ్చయి వచ్చాక అమ్మ చదువుకుంది. "జాకెట్లని ఎక్కడుందండీ?"

"అదిగో, అడుగున... 'అన్ని రకముల కుట్టుపని చేయబడును' అని లేదూ?"

"మరి నా మాట?"

"జాగా లేదే..."

కొట్టు తెరిచిన రోజు చూడాలి! బస్టాండులో, సినిమా హాళ్ళ దగ్గర కాగితం అందుకున్నవాళ్ళు నిజంగానే సకుటుంబంగా దిగారు. ఓ పెద్దావిడ మనవల్ని వెంటేసుకొచ్చి "పెళ్ళికూతురేదమ్మా?" అంటూ వంటింటిదాకా వచ్చేసింది. మరచెంబుతో మంచినీళ్ళు అందించలేక నా చేతులు పడిపోయాయి. ఇంట్లో కాఫీపొడి అయిపోయింది. ఒక్క జాకెట్టు గుడ్డ రాలేదు.

మర్నాటి నుంచి మగాళ్ళు మొదలు. "బెల్‌బాటం కుడతారా అండీ?" అన్నీ మగవాళ్ళ పేర్లే ఉంటే వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు? "లేదండీ, ఆడవాళ్ళ జాకెట్లే" అని అమ్మ చెప్పి చెప్పి అలిసిపోయేది. ఈలోపు ఎవరో ఒకావిడ సంచిలో ఆది జాకెట్టు పెట్టుకుని మా ఇంటిదాకా వచ్చేది... గుమ్మంలో మగాళ్ళని చూసి, కొంగు సర్దుకుని వెనక్కి తిరిగేది. అమ్మ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

శ్రావణం వచ్చింది. పెదనాన్నా వచ్చారు. "నే ముందే అనుకున్నా అమ్మాయ్, ఇవన్నీ మనవల్ల అయ్యేవి కాదని."

"మీ పేరు మాత్రం బాగా పడింది బావగారూ. ఊరంతా చదివారు" అంది అమ్మ.

ఆయన నిజంగానే సంతోషించారండీ!

ముందు గది అద్దెకెళ్ళిపోయింది. మిషను మళ్ళీ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది. మిగిలిపోయిన కరపత్రాల్ని అమ్మ జాకెట్టు కొలతలకి కత్తిరించుకునేది. పెదనాన్న పేరు వీపు ముక్కలోకి పోయేది, మావయ్య పేరు చంక దగ్గర తెగిపోయేది. ఆ కాగితాలు కత్తిరించేటప్పుడు కత్తెర చప్పుడు కాస్త గట్టిగానే వినపడేది...

ఇప్పుడు నాకో చిన్న బ్లౌజుల షాపుంది. నిన్న ఫ్లైయర్ చేయించుకుందామని కూర్చున్నా. ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మాట అన్నానో లేదో... తమ్ముడి ఫోటో, మరిది ఫోటో, అల్లుళ్ళ ఫోటోలు, కింద 'శుభాకాంక్షలతో'! డిజైన్ చేసే అబ్బాయి తల గోక్కుంటూ "ఆంటీ, ప్లేస్ చాలట్లేదు. పైన ఈ లైను తీసేద్దామా?" అన్నాడు.

ఏ లైనో చెప్పాలా మీకు?

"దాని జోలికెళ్ళకు నాన్నా. ఫోటోలన్నీ పీకెయ్" అన్నాను.

పొద్దుటినుంచి ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడట్లేదు. మరిది గ్రూపులోంచే వెళ్ళిపోయాడు. పోనీండి!

సీసం అక్షరాలు పోయాయి, ఆ సిరా వాసన పోయింది, బెల్‌బాటాలూ పోయాయి... అమ్మ మాటకి మాత్రం ఇన్నేళ్ళకి, అదీ నేను కొట్లాడితే, చోటు దొరికింది. చూసుకోవడానికి ఆవిడే లేదు.

మీ ఇంట్లోనూ జాగా చాలక ఎవరి మాటైనా తీసేశారా? ఉంటే కింద రాయండి... ఇక్కడ బోలెడంత చోటుంది.