ట్రేసింగ్ పేపర్ కింద రాగం

ఆరేళ్లుగా ఒక్క కాగితాన్ని మోస్తున్నాను. తూకానికి కూడా అందనంత తేలిక. భుజం మాత్రం దిగిపోతోంది. మీకు చెబితే బరువు దిగుతుందా? తెలియదు. అలసిపోయాను, అంతే.

కెనడాలోని కిచెనర్‌లో మా పక్కింటి రూత్ గారు మాటల్లేని ఓ పాత రాగాన్ని సన్నగా పాడుకుంటూ హీబ్రూ అక్షరాలతో బొమ్మలు రాసేవారు. అవును, రాసేవారే. అక్షరాల నుంచే లోకం పుట్టిందని యూదు మార్మికుల నమ్మకమట. రాగం పైకి లేస్తే అక్షరాలు మెట్లెక్కేవి, మెలి తిరిగితే సుడి అయ్యేవి. తప్పు దొర్లిన పుటల్ని మాత్రం పారేసేవారు కాదు. దేవుడి పేరున్న కాగితాన్ని వాళ్లు మనిషిని పాతినట్టే శ్మశానంలో పాతిపెడతారు. ఓ చలికాలం, మోకాళ్లు సహకరించక, అలాంటి పుటలున్న పెట్టెను నాకిచ్చి వాళ్ల ప్రార్థనామందిరంలో అప్పగించమన్నారు.

అప్పగించాను. ఒక పుట తక్కువగా.

ముప్పై ఏళ్లు వంతెనల డ్రాయింగులు చేసి రిటైరైనవాణ్ణి. మరొకరి గీత మీద ట్రేసింగ్ పేపర్ పరచడం నాకు ఉద్యోగధర్మం. ఆ పుటలోని సుడిని ఎత్తి రాసి, తెలుగు అక్షరాలతో నింపాను. మనవి పుట్టుకతోనే గుండ్రన కదా, కష్టమంతా అవే పడ్డాయి. మార్కమ్‌లో తెలుగువాళ్ల ప్రదర్శనలో పెట్టాను. పైగా ఆవిడనే కారెక్కించుకుని తీసుకెళ్లాను. ఎందుకు? మెప్పు పొందాలనా, పట్టుబడాలనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

"అంకుల్, అదరగొట్టారు! అసలీ ఐడియా ఎలా వచ్చింది?" అంది ప్రదర్శన పెట్టిన అమ్మాయి.

"ఏదో, అలా వచ్చేసిందమ్మా."

రూత్ గారికి తెలుగు రాదు. బొమ్మ ముందు నిలబడి, సుడి వెంట వేలు తిప్పుతూ తన రాగాన్ని చివరిదాకా పాడారు. ఎక్కడా తడబడలేదు. తర్వాత నావైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా అడిగారు.

"పెట్టెలోవన్నీ ఇచ్చేశారు కదా?"

"అన్నీ."

"మంచిది."

తిరుగుదారిలో ఆవిడ గొంతులో రాగం లేదు.

మరుసటి వసంతంలో ఆవిడ పోయారు. వాళ్ల ఆచారం ప్రకారం, వచ్చినవాళ్లందరితో పాటు నేనూ పార పట్టి గోతిలో మట్టి వేశాను. ఆ పుట నా కోటు జేబులోనే ఉంది. వంగి వదిలేస్తే చాలు. అందరూ చూస్తున్నారు. పార పక్కవాళ్లకిచ్చి, కాగితంతో ఇంటికొచ్చేశాను.

పాతిపెట్టాల్సినదాన్ని దాచిపెట్టాను. ఇప్పటికీ డ్రాయర్లో ఉంది. పుటలో దొర్లిన తప్పు ఆవిడదే కావచ్చు, మిగతాదంతా నాది.

అది అలా వచ్చేయలేదు. నేను తీసుకున్నాను.