పొగకు ఈ వీధిలో స్టాపు లేదు

రిటైర్డ్ బస్ కండక్టర్ జయానందానికి పొగ కనిపించకూడదు. కనిపించిందా, బస్సు ఆపినట్టు "హోల్డాన్!" అని అరుస్తూ నీళ్ల బకెట్‌తో ప్రత్యక్షం. మెదక్ చర్చి వెనక వీధిలో ఫైరింజన్ నంబరు ఎవరికీ తెలియదు. ఆ అవసరమే రాలేదు.

దోమల కాయిల్ వెలిగిస్తే కిటికీలోంచి నీళ్లు పడేవి. ఎదురింటి శ్రేయ పుట్టినరోజున కేకు మీద మెరుపుల కొవ్వొత్తి బుస్సుమంది. పిల్ల ఊదేలోపే జయానందం చెంబెడు నీళ్లు గుమ్మరించాడు. ఆ రోజు వచ్చినవాళ్లంతా కేకును గ్లాసుల్లో తాగారు. భార్య నవోమికి తలకొట్టేసినట్టయింది.

"ఏంది మీ లొల్లి? పదిమందిల పరువు తీస్తిరి!"

"మెదడు, నవోమీ, మెదడు! ఈ పొగ పోయి పోయి మెదడుకే ఎసరు పెడ్తదట. పైగా మా ఖాన్‌దాన్‌ల ముసలితనంల మతిమరుపు జబ్బున్నది. నాకొస్తే ఎట్ల?"

వీధి ఆ మాట పట్టుకుంది. ఆయన గేటు దాటితే చాలు, "సారూ, ఇల్లు యాదికున్నదా?" అని పరాచికాలు. ఆయన నవ్వుకుంటూ బకెట్ నింపుకునేవాడు. ప్రాణం మీద మరీ ఇంత తీపా అని నవోమికి ఒళ్లు మండేది.

పక్కింటి గాలయ్య మొండిఘటం. పొద్దున్నే వేపాకులు, ప్లాస్టిక్ కవర్లు కుప్పచేసి అంటిస్తేగానీ ఆయనకు చాయ్ దిగదు. ఆ పొగంతా నవోమి వంటింట్లోకే. ఒకరోజు జయానందం గురి తప్పి, నీళ్లు గాలయ్య కొత్త చొక్కా మీద పడ్డాయి. క్షణంలో వీధి పోగయింది.

"మీ ఖాన్‌దాన్‌ల మతిమరుపా సారూ?" గాలయ్య గొంతు చించుకున్నాడు. "మొన్న మనూరు రామాయంపేటల మీ అమ్మ కలిసింది. తొంభై దాటింది. నేను చిన్నగున్నప్పుడు మీ పెరట్ల జామకాయలు దొంగిలించిన ముచ్చట అందరి ముందల చెప్పి నా ఇజ్జత్ తీసింది! మరుపు ఎవలికున్నది మీ ఇంట్ల?"

జనం గొల్లుమన్నారు. జయానందం ఖాళీ బకెట్‌తో తన గేటు వైపు నడిచాడు.

నవోమి గేటు పట్టుకుని నిలబడిపోయింది. నిజమే, అత్తగారు ఏదీ మరవదు. మరిచింది తన తల్లి. చివరి రోజుల్లో కన్నకూతుర్నే "నువ్వెవలి బిడ్డవమ్మా?" అని అడిగింది. పెద్దమ్మకూ అదే జబ్బు. కిందటేడు తనను హైదరాబాద్ దవాఖానలో చూపించినప్పుడు, ఈయన ఒక్కడే డాక్టరుతో చాలాసేపు మాట్లాడాడు. పొగ మీద ఈ పోరు ఆ మర్నాడే మొదలైంది.

"డాక్టరు ఏమన్నడు?" అని మొగుణ్ని మెల్లగా అడిగింది.

"తల్లిదండ్రుల నుంచి వచ్చేదాన్ని మార్చలేమన్నడు. నీకు రావాల్నని గూడ లేదన్నడు. పొగకు దూరముంటే మెదడుకు మంచిదన్నడు."

నవోమి వీధి మధ్యకు నడిచింది.

"ఇనుండ్రి! ఆ జబ్బు మా అమ్మకొచ్చింది. ఈయన భయమంత నా గురించే. నన్నెవరూ జాలిగ చూడొద్దని తన మీదేసుకున్నడు. ఇగ ఇక్కడ పొగ లేస్తే బకెట్ నేను తెస్త!"

నవ్వినవాళ్లంతా తలలు దించుకున్నారు.

"తప్పయిందక్కా. ముందుగాల్నే చెప్తే నేను అగ్గిపెట్టె ముట్టకపోతుంటి," అన్నాడు గాలయ్య. తడిచొక్కాతోనే పెరట్లో గుంత తవ్వి ఆకులన్నీ అందులో పోశాడు. వారం తిరిగేసరికి వీధి వీధంతా చెత్తను మున్సిపాలిటీ బండికి ఇవ్వడం మొదలుపెట్టింది. నవోమి వంటింటి కిటికీ బార్లా తెరిచి, గుండె నిండా గాలి పీల్చుకుంది.

"ఇన్ని దినాలు పిచ్చోన్ని చూసినట్టు చూస్తుంటే మీకు కష్టమనిపించలేదా?" అని అడిగింది మొగుణ్ని.

"ముప్పై ఏండ్లు చిల్లర లేదని బస్సు బస్సంత తిడుతుంటే టికెట్లు కొట్టినోన్ని," అన్నాడు జయానందం. "వీళ్ల నవ్వులొక లెక్కనా?"