రోమ్ బానిసలను ఆపేసిన మా కేబుల్ ఆపరేటర్

మా పాలకొల్లు కేబుల్ ఆపరేటర్ సూరిబాబుగారు ఈ సాయంత్రం రోమ్ బానిసల తిరుగుబాటును అణచివేశారు.

వారమంతా ఎదురుచూసిన సీరియల్ ఆఖరి భాగం. బానిసలు గొలుసులు తెంచుకుని యజమాని కోట తలుపు మీద పడ్డారు. తలుపు విరగబోతుండగా బొమ్మ మారిపోయి, రొయ్యల చెరువుల ఆసామి కూతురి ఓణీల ఫంక్షన్ లైవ్ మొదలైంది.

కేబుల్ ఆఫీసుకు పరుగెత్తాను.

"ఏంటండీ ఈ అన్యాయం?"

"పెద్దోరింట ఫంక్షనండి. ఊరంతా చూడాలన్నారు. ఎవరూ చూడని ఛానల్లో వేశాం."

"నేను చూస్తున్నానండీ! బానిసలు గెలిచారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"ఎప్పుడో చచ్చిపోయినోళ్ళ గొడవ మనకెందుకు బాబూ? ఆళ్ళేమన్నా మీ చుట్టాలా?"

చుట్టాలే! ఒక ఆసామి అడిగితే ఊళ్ళో టీవీలన్నీ తలవంచేచోట, వాళ్ళకంటే దగ్గరి చుట్టాలు నాకెవరున్నారు?

రేపు రాత్రి ఏడింటికి ఆ భాగం మళ్ళీ వస్తుంది. అదే వేళకు అదే ఛానల్లో ఫంక్షన్ రికార్డింగు కూడా వేస్తారట! అందుకే రేపు సాయంత్రం ఆరు గంటలకల్లా అందరూ రిమోట్లు పట్టుకుని కేబుల్ ఆఫీసు ముందుకు రండి. వచ్చేవాళ్ళు ఈ పోస్టు కింద కామెంట్లో రాయండి. ఇవాళ ఆ ఫంక్షన్లో భోంచేసినవాళ్ళు కూడా సిగ్గుపడకుండా రావచ్చు.