ఎడమ చెంప పెళ్లికొడుకు

మా ఊళ్లో నా ముఖం గురించి ఎవరినడిగినా ముందు "ఏ పక్క?" అంటారు. ఒక్క ముఖాన్ని నలుగురికి చూపించడమే కష్టం, నేనేమో ఒకే మెడ మీద రెండు ముఖాలు మోసుకుని పెళ్లిచూపులకు వెళ్లినవాణ్ని. ఆ ఘోరం చెబుతాను. చేతిలో టీ గ్లాసుంటే పక్కన పెట్టి మరీ వినండి.

మాది కళింగపట్నం. చదువంటే నాకు చిన్నప్పుడే విసుగొచ్చింది, చదువుకైతే నేనంటే అంతకు ముందే విసుగొచ్చింది. అందుకని నాన్న బోటులో వెనక ఇంజను దగ్గర కూర్చుని బోటు నడపడం నా పనైంది. ఫోన్లలో ఫోటోలు పంపుకోవడం అప్పుడప్పుడే మొదలవుతోంది. మా అక్క మొగుడు అప్పన్న బావ నన్ను శ్రీకాకుళం స్టూడియోకి లాక్కెళ్లి ఫోటో తీయించాడు. స్టూడియోవాడు కంప్యూటర్లో నన్ను ఎంత తోమాడంటే, అది చూసి కన్నతల్లే "ఎవులి పిల్లోడురా, తెల్లగున్నాడు!" అంది.

ఆ ఫోటో భోగాపురం అవతల ముక్కాంలో గౌరి వాళ్లింటికి వెళ్లింది. అటునుంచి గౌరి ఫోటో వచ్చింది. అది చూశాక నాకు వల ఎటు విసురుతున్నానో తెలియలేదు. ఈ పిల్ల తప్ప ఇంకెవరూ వద్దనుకున్నాను. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆదివారం పెళ్లిచూపులు, ఆలోగా నేను ఆ ఫోటోలో ఉన్నవాడిలా మారాలి.

మందుల షాపుకి పరిగెత్తాను.

"సన్‌స్క్రీన్ రాస్తే తెల్లబడతానా?"

"తెల్లబడరండీ. ఎండకి కాలకుండా ఆపుతుంది. ముఖం, మెడ, చెవులు అంతా రాయాలి. బయల్దేరే ముందే రాయాలి. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, నీళ్లు తగిలినా మళ్లీ రాయాలి."

"మాకు నీళ్లు తగలకూడదంటే బోటు ఇసకలోనే నడపాలండి" అని నవ్వి, ట్యూబు పట్టుకొచ్చేశాను. వేలెడు నెత్తల్లి చేపంత ట్యూబు. ఇంత ముఖానికి అదేం సరిపోతుంది?

అప్పుడు వెలిగింది నా బుర్ర. వెలగకపోయినా బాగుండేది!

మేము రోజూ తీరం వెంబడి దక్షిణానికి వెళ్తాం. పొద్దున్నే సూర్యుడు సముద్రం వైపు, అంటే నాకు ఎడమ పక్క. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు ఒడ్డు వైపు ఉంటాడు. అదీ ఎడమ పక్కే! వెళ్లినా వచ్చినా ఎండంతా నా ఎడమ చెంపదే. మరి కుడి చెంపకి క్రీమెందుకు? ఇంత తెలివి బడిలో ఉండగా వచ్చుంటే మాస్టారు నన్ను చూసి ఏడ్చేవారు కాదు.

శనివారం వేటకి రానన్నాను. నాన్న ఊరుకోలేదు.

"ఒరే, పిల్లోల్లింటికి ఉత్తసేతుల్తో ఎల్తామేటి? వంజరం అట్టుకెళ్లాల."

"ముక్కాంలో సముద్రం నేదేటి నాన్నా?"

"ఆ సముద్రం ఆల్లది. ఈ సేప మనది. ఎక్కు!"

ఎడమ చెంపకి గోడకి సున్నం కొట్టినట్టు ట్యూబులో సగం పట్టించి, మిగిలింది అక్క కంటపడకుండా బియ్యం డబ్బాలో దాచి బోటెక్కాను. బోటు కదలగానే నాన్న సముద్రాన్నొకసారి చూసి, "ఈయేల సేపలు భావనపాడు ఏపున్నాయిరా, ఉత్తరానికి తిప్పు" అన్నాడు.

అర్థమైందా? దక్షిణం వెళ్తే ఎండంతా ఎడమ చెంపకి. ఉత్తరం వెళ్తే? వెళ్లేటప్పుడూ కుడే, వచ్చేటప్పుడూ కుడే! ఎడమ చెంప క్రీము కప్పుకుని నీడలో పడుకుంది. కుడి చెంప పెనం మీద పడింది.

వంజరం దొరికింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. ఒక పక్క సున్నం, ఒక పక్క కాలిన ఇటుక. సరిగ్గా ముక్కు మీద సరిహద్దు. కడిగితే సున్నం పోయింది గానీ ఇటుక ఇంకా ఎర్రబడింది. చేపలు ఆరబెడుతున్న అమ్మ నన్ను చూసి చేతిలో బుట్ట వదిలేసింది.

"ఓలమ్మో! ఎండుసేపనైనా రెండుపక్కలా తిప్పుతాం కదరా!"

బావ మాత్రం ధైర్యం చెప్పాడు. "నువ్వు గోడవార కూకో. కుడిపక్క గోడకి సూపించు, ఎడంపక్క ఆల్లకి సూపించు. మెడ తిప్పితే సంపెత్తాను."

అలాగే ముక్కాంలో గోడవార బొమ్మలా కూర్చున్నాను. గౌరి నాయనమ్మ కాసేపు చూసి అడిగింది.

"గుంటడికి మెడ పట్టీసిందేటి?"

"సిగ్గమ్మా, మావోడికి సిగ్గెక్కువ" అన్నాడు బావ.

అంతా బాగానే ఉంది. ఒక్కటే, నా కుడిపక్క గోడకి వంటింటి తలుపు ఉందని మేమిద్దరం చూసుకోలేదు. ఆ తలుపు తెరుచుకుంది. గౌరి టీ పళ్లెంతో నా కుడి చెంప ముందు నిలబడింది. పళ్లెంలో గ్లాసులన్నీ గలగలమన్నాయి. కంగారులో గిరుక్కున అటు తిరిగాను, మళ్లీ ఇటు తిరిగాను.

"ఓలమ్మా!" నాయనమ్మ గుండెల మీద చేయి వేసుకుంది. "ఇద్దరొచ్చారేటే?"

గౌరి నెమ్మదిగా అడిగింది. "ఫోటోలో ఉన్నది మీరేనేటి?"

బావ నోరు తెరిచేలోగా నేనే కక్కేశాను. స్టూడియో, ట్యూబు, దక్షిణం, ఎడమ చెంప, అన్నీ. "సేపలు ఉత్తరానికెల్తాయని నాకేటి తెలుసండీ!" అని ముగించాను. వాళ్ల నాన్న పగలబడి నవ్వాడు. నాయనమ్మ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. గౌరి నవ్వలేదు. పళ్లెం అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మేం తెచ్చిన వంజరం ఒక్కటే ఆ ఇంట్లో నిలిచింది, సంబంధం నిలవలేదనుకున్నాను.

నా కుడి చెంప పొలుసులు రాలుస్తున్నన్నాళ్లూ అటునుంచి కబురు లేదు. తోలంతా రాలి, రెండు చెంపలూ రాజీపడ్డాక ఫోన్ వచ్చింది. పిల్ల సరేనందట!

పెళ్లయ్యాక ఆ మిగిలిన సగం ట్యూబు చేత్తో పట్టుకుని, గౌరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేశాను. "సముద్రం సాక్షిగా సెప్తన్నాను. ఇకమీద రాస్తే రెండు సెంపలకీ రాస్తాను, మెడకీ సెవులకీ కూడా రాస్తాను. సేపలు ఎటెళ్లినా సరే!" ఎన్నాళ్లుగానో గొంతులో ఆగిన ప్రశ్న కూడా అడిగేశాను. "అది సరేగానీ, ఆ మొకం సూసి కూడా ఎలగ ఒప్పుకున్నావే?"

గౌరి ట్యూబు లాక్కుని అంది. "ఫోటోలో మనిసి అంతా అబద్దమే. ఆయేల సగమైనా నిజమొచ్చి కూకుంది. మిగతా సగం నానే సూసుకుంటాన్లే అనుకున్నాను."