లలిత లేని గల్లీలో బతుకమ్మ

దాదర్ స్టేషన్ బయట బంతిపూల కుప్ప మీద ఒక పిల్లి పడుకుని ఉంది. పూలమ్మే ఆమె దాన్ని లేపలేదు. దాని చుట్టూ ఉన్న పూలనే చేత్తో దగ్గరకు లాగి తూకం వేస్తోంది. నేను రెండు కిలోలు అడిగాను. పండగ కదా, కిలో వంద అంది. బేరం ఆడటం చేతకాక అడిగినంతా ఇచ్చేశాను. నా వెనక వచ్చినావిడ అవే పూలు డెబ్బైకి తీసుకుని, పైన ఒక గుప్పెడు కొసరు కూడా వేయించుకుంది. లలిత అయినా ఇలాగే చేసేది అనుకున్నాను. ఆ రోజు నా అసూయ అక్కడే మొదలైంది. అప్పటికి ఉదయం ఏడు కూడా కాలేదు.

లలిత, నేను ఇటలీలో పెరూజా దగ్గర కొండ మీది ఒక చిన్న ఊళ్లో ఒకే ఇంట్లో ఉండి రెండేళ్లు చదువుకున్నాం. నేను హైదరాబాద్‌లో కాన్వెంట్‌లో చదివినదాన్ని. బయలుదేరే ముందే ఇటాలియన్ వ్యాకరణం పుస్తకం పూర్తి చేశాను. లలిత ముంబయి కామాటిపురలో, తెలుగువాళ్లుండే ఒక చాల్‌లో, అంటే వరుసగా ఒంటి గదులుండే పాత భవనంలో, పుట్టి పెరిగింది. వెళ్లినప్పుడు ఆమెకు ఇటాలియన్‌లో నమస్కారం కూడా రాదు. శనివారం సంతలో నేను తప్పుల్లేకుండా కూరగాయలు అడిగేదాన్ని. కొట్టతను తూచి ఇచ్చేవాడు. లలిత చేతులూపుతూ, సగం హిందీ కలిపి అడిగేది. అతను నవ్వుతూ ఆమె సంచిలో ఒక సెలెరీ కాడ, ఒక క్యారెట్, కొంచెం ఆకు ఊరికే వేసేవాడు. నాకు ఎప్పుడూ వేయలేదు.

అక్టోబరులో ఆ ఊళ్లో చెస్ట్‌నట్ల పండగ జరుగుతుంది. వీధికొక పొడవాటి బల్ల వేస్తారు. ఆ వీధి ఆడవాళ్లే వండి, ఊరందరికీ వడ్డిస్తారు. ఆ బల్ల వెనక నిలబడటమంటే ఆ వీధి మనిషి అయినట్టు. బయటివాళ్లను మామూలుగా పిలవరు. మా రెండో ఏడు, మా ఇంటి యజమానురాలు రోసా గారు లలితకు ఆకుపచ్చ ఏప్రన్ కట్టి బల్ల వెనక నిలబెట్టారు. నేను కూపన్ కొనుక్కుని బల్లకు ఇవతల కూర్చుని తిన్నాను. వంట బాగుంది. నాకు రుచించలేదు.

చదువయ్యాక నేను తిరిగి వచ్చాను. లలితకు అక్కడే ఉద్యోగం దొరికింది. "ఈ ఏప్రన్ మా అమ్మకు ఇయ్యాలె. సద్దుల బతుకమ్మ రోజు పో, పండగ కూడా చూసినట్టుంటది" అని నా చేతికిచ్చింది. సరేనన్నాను. మంచితనంతో కాదు. ఆమెకు ఆ చొరవ ఎక్కడ అబ్బిందో చూడాలనిపించింది. లలిత పక్కన లేనప్పుడైనా నన్ను ఎవరైనా తమ పండగలోకి పిలుస్తారో లేదో తేల్చుకోవాలని కూడా ఉంది. ఆ ఏప్రన్ హైదరాబాద్‌లో కొన్ని వారాలు నా బీరువాలోనే ఉంది. ఒకసారి కట్టుకుని అద్దంలో చూసుకుని, మళ్లీ మడత పెట్టేశాను.

హైదరాబాద్ నుంచి రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి దాదర్‌లో దిగవచ్చు. పూలు అక్కడే కొనుక్కుని, పశ్చిమ లైన్‌లో స్లో లోకల్ పట్టుకుని గ్రాంట్ రోడ్ వెళ్లాలి. టికెట్ అయిదు రూపాయలు. అక్కడి నుంచి కామాటిపురకు నడిచి వెళ్లవచ్చు కానీ, పూల సంచులతో నేను టాక్సీ ఎక్కాను. మీటరు మీద కనీస ఛార్జీ దాటలేదు. "కామాటిపురనా? మీ ఇల్లా అక్కడ?" అని డ్రైవర్ హిందీలో అడిగి, అద్దంలోంచి నన్ను చూశాడు. రెడ్‌లైట్ ఏరియాగా పేరుబడ్డ చోటు కదా, ఆ పేరు వింటే ఊళ్లో చాలామంది అలాగే చూస్తారని లలిత ముందే చెప్పింది. స్నేహితురాలి ఇల్లన్నాను. అతని చూపు పూల మీద పడింది. "ఓహో, తెలుగువాళ్ల పండగ. సాయంత్రం రోడ్డంతా ఆడవాళ్లదే. నేను ఇటు రానే రాను" అని నవ్వాడు.

లలిత వాళ్లమ్మ నర్సమ్మ గారు చాల్ రెండో అంతస్తులో, అన్ని గదుల ముందూ సాగే ఉమ్మడి వసారాలో కూర్చుని పూల కాడలు కత్తిరిస్తున్నారు. వాళ్ల తాత పాలమూరు నుంచి రాళ్ల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట.

"లలిత దోస్తువా? గింత సన్నగున్నవేంది బిడ్డా? ఆ దేశంల తిండి పెట్టలేదా?"

"నమస్తే ఆంటీ."

"ఆంటీలు టవర్లల్ల ఉంటరు. చిన్నమ్మా అను."

ఏప్రన్ ఇచ్చాను. దాన్ని దాచుకుంటారనుకున్నాను. ఆవిడ వెంటనే చీర మీద కట్టుకుని, "జేబు కూడా ఉందే!" అని అందులో కత్తెర వేసుకున్నారు. పక్క గది ఎల్లమ్మ గారు తలుపులోంచే, "ఏమే నర్సూ, హోటల్ల పని దొరికిందా?" అన్నారు. "దొరికింది. నీ ఎంగిలి ప్లేట్లు కడగనీకి పిలిచిన్రు" అని ఈవిడ. అక్కడ ఏ తలుపూ మూసి లేదు. ఒక పిల్ల వచ్చి మరాఠీలో ఏదో అడిగి, సమాధానం వినకుండానే డబ్బాలోంచి చక్కెర తీసుకుని వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఉన్నవాళ్ల పేరు నాకు తెలియదు.

మధ్యాహ్నం నాగ్‌పాడా వైపు బజారుకు వెళ్లాం. మలీదకు బెల్లం, వంటకు కూరగాయలు కావాలి. మలీద అంటే రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసే ప్రసాదం. కూరగాయలు తూచడం అయిపోయింది, డబ్బులిచ్చేశాం. నేను సంచి మూతి ముడివేయబోయాను. నర్సమ్మ గారు నా చేతి మీద చిన్నగా కొట్టారు.

"మూయకు. మూస్తే వాడు అయిపోయిందనుకుంటడు."

ఆవిడ కొసరు అడగలేదు. సంచి తెరిచి పట్టుకుని, అతని కూతురి జ్వరం తగ్గిందా అని కనుక్కుంటూ నిలబడ్డారు. అతను జవాబు చెబుతూనే సంచిలో కొత్తిమీర కట్ట వేశాడు. తర్వాత నాలుగు మిరపకాయలు వేశాడు. ఇటలీ సంతలో నేను డబ్బులిచ్చి, ధన్యవాదాలు చెప్పి, సంచి జిప్పు లాగేసేదాన్ని. లలిత సంచి ఎప్పుడూ తెరిచే ఉండేది. రెండేళ్లు పక్కనే నడిచినా నేను అది గమనించలేదు. ఇప్పుడు తెలిసినా ఒళ్లు మండింది. ఇది పుస్తకాల్లో ఉండదు. ఇలాంటి తల్లి ఉండాలి.

బతుకమ్మకు గునుగుపూలు, తంగేడు పూలు పాలమూరు బస్సులో వచ్చాయి. ముంబయిలో అవి దొరకడం కష్టం. నా బంతిపూలు వాటి మధ్య వరుసల్లోకి వెళ్లాయి. కిలో వందకు కొన్నానని చెబితే, "పిరం తెచ్చినవు గానీ పూలు మంచిగున్నై" అని ఎల్లమ్మ గారు మెచ్చుకున్నారు. పొద్దు వాలుతుండగా గల్లీ మధ్యలో బతుకమ్మలు దించారు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. నేను ఒక కుట్టు దుకాణం మెట్టు మీద నిలబడ్డాను. అన్ని పండగల్లోనూ నా చోటు అలాంటి మెట్టే.

"లలిత జాగ ఖాళీగున్నది. రా, నిలబడు" అని నర్సమ్మ గారు కేకేశారు.

"వద్దు చిన్నమ్మా, నేను చూస్తాను."

"చూసుడు టీవీల. లౌకర్ రా, జల్ది!"

చెయ్యి పట్టి లాగారు. అడుగు తప్పాను, చప్పట్లు తప్పాను. పాట ఎవరో మొదలుపెడితే అందరూ అందుకుంటున్నారు. నేను పెదవులు మాత్రం కదిపాను. అప్పుడే లలిత వీడియో కాల్ చేసింది. అక్కడింకా మధ్యాహ్నం. వాళ్ల పండగకు మరో రెండు రోజులుంది. రోసా గారి వంటింట్లో కూర్చుని కాల్చడానికి చెస్ట్‌నట్లకు గాట్లు పెడుతోంది.

"నా జాగల నిలబడ్డవా? అక్కడ మోరీ ఉంటది, కాలు జారుతది, చూస్కో" అంది.

గల్లీ అంతా ఫోన్‌లోకి చేతులూపింది. ఆమె వెనక నుంచి రోసా గారు కూడా ఊపారు. ఒకే సమయానికి రెండు ఊళ్లలో ఆమెకు చోటుంది. నేను నిలబడినది కూడా ఆమె చోటే. ఫోన్ నర్సమ్మ గారికిచ్చి, మోరీ పక్కన జాగ్రత్తగా అడుగులు వేశాను.

బతుకమ్మలను టెంపోలో చౌపాటీకి తీసుకెళ్లి సముద్రంలో వదిలాం. ఇసుకలో కూర్చుని మలీద పంచుకున్నారు. ఎల్లమ్మ గారు ఒక ముద్ద నా ముందుకు చాపారు. "వద్దండీ" అన్నాను, అలవాటుగా. ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్లలేదు.

"నిన్ను అడుగుతున్ననా? పట్టు. పేరేంది నీది?"

"మాధవి."

"మాధవీ, వచ్చే యేడు చీర కట్టి రా. గీ డ్రెస్సుల ఎట్ల ఆడుతవు?"

ఆ రోజంతా నన్ను పేరు పెట్టి పిలిచింది ఆవిడ ఒక్కరే. మలీద ఇంకా వెచ్చగా ఉంది.

తిరుగు రైల్లో పుస్తకం తెరిచాను కానీ చదవలేదు. పరాయి దేశంలో సంతలు, పండగలు, నలుగురితో కలవడం బాగుండాలంటే భాష రావాలని నేను అనుకునేదాన్ని. లలిత అక్కడికి వెళ్లాక నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. మూయని సంచి, మూయని తలుపు ఇక్కడి నుంచే పట్టుకెళ్లింది. ఇది తెలిశాక నా అసూయ తగ్గాలి. తగ్గలేదు. ఇదివరకు ఆమె మీద ఒక్కదాని మీదే ఉండేది, ఇప్పుడు ఆ గల్లీ మొత్తం మీద ఉంది.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క సలహా. ఎవరు ఏం ఇచ్చినా మొదటిసారే తీసుకోండి. మా ఇంట్లో నాకు నేర్పింది వేరు. ముందు వద్దనాలి, వాళ్లు మళ్లీ అడగాలి, అప్పుడు తీసుకోవాలి. కామాటిపురలో ఆ వద్దు ఎవరికీ వినపడదు. ఇటలీలో వినపడుతుంది. ఆకుపచ్చ ఏప్రన్ పట్టుకుని రోసా గారు మొదట నా గదికే వచ్చారు. నేను వద్దన్నాను.