రామ్మోహనరావుగారి చూపంతా మెడలోనే

రామ్మోహనరావుగారికి ఒక్కటే పిచ్చి. మనిషి చూపు కంట్లో ఉండదు, మెడలో ఉంటుందని. వెన్ను నిటారుగా నిలిపి, గడ్డం లోపలికి లాగి, రెండు పాదాల మీదా బరువు సమంగా వేసి నిలబడితే కళ్లద్దాలతో పనే లేదని ఆయన నమ్మకం. నమ్మి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. కానీ ఆయన హైటెక్ సిటీలో తొమ్మిదంతస్తుల సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు అడ్మిన్ మేనేజరు. రెండేళ్ల కిందట తన కళ్లద్దాలు తీసేసి, అక్కడి ఇంజినీర్ల మెడల మీద పడ్డారు.

"ఏమండీ రవికిరణ్! అది మీ మెడా, కొంగ మెడా? లోపలికి లాగండి. కిటికీ దగ్గరకొచ్చి దూరంగా ఆ క్రేను చూడండి. రెప్పలార్పండి!"

"సార్, కాల్‌లో ఉన్నానండీ."

"చెవులు వాళ్లకిచ్చేయండి. కళ్లు నాకివ్వండి."

ఇంత చెప్పే మనిషి వారానికోసారి గాజు తలుపుకు గుద్దుకునేవారు. ఒకరోజు కుండీలో మొక్కకు గుడ్ మార్నింగ్ చెప్పి, అది బదులివ్వలేదని చిన్నబుచ్చుకున్నారు కూడా. ఎవరైనా నవ్వితే, "ఎడమ కాలి మీద బరువు ఎక్కువ వేశాను, అందుకే" అనేవారు.

అందరూ నవ్వినా, కింద లాబీలో సెక్యూరిటీ గార్డు లింగయ్యకు మాత్రం ఆయన మాట వేదవాక్కు. దానికి కారణం ఉంది. ఏడాదిగా లింగయ్యకు దూరం చూపూ దగ్గర చూపూ రెండూ మసకబారాయి. కార్డు మీది పేరు చీమల బారులా ఉంది. ఎదురుగా వచ్చే ముఖానికి కళ్లు ఎక్కడో, ముక్కు ఎక్కడో తెలియడం లేదు. ఏజెన్సీ వాళ్లు నెలాఖరున గార్డులందరికీ కంటి పరీక్ష పెడతామన్నారు. చూపు లేదంటే ఇంటికే.

మూసాపేటలో ఇంట్లో భార్య లచ్చమ్మ రోజూ పోరుతూనే ఉంది. "అద్దాలు పెట్టుకోరాదు? ఏమైతది?"

"అద్దాలు పెడితే ముసలోడని తీసేస్తరే. సారు చెప్పినట్టు కసరత్తు చేస్తున్న. ఫికర్ చెయ్యకు."

కసరత్తు ఫలించేదాకా లింగయ్యకు ఇంకో ఉపాయం ఉంది. మనుషులను నడకను బట్టి గుర్తుపట్టేవాడు. రవికిరణ్ తల ముందొచ్చి, మనిషి తర్వాత వస్తాడు. అఖిల కుడి భుజం బ్యాగు బరువుకు ఒరిగి ఉంటుంది. ఎనిమిది వందల మంది వంకర్లు లింగయ్యకు కంఠతా వచ్చు.

అక్కడే కొంప మునిగింది. రామ్మోహనరావుగారి పోరు పడలేక ఆఫీసంతా నిటారుగా నడవడం మొదలుపెట్టింది. లింగయ్యకు అందరూ ఒక్కలాగే కనిపించారు. ఒక సోమవారం పొద్దున రవికిరణ్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవలు సార్ మీరు? విజిటరా?"

"లింగయ్యా, నేను రవికిరణ్‌ని!"

"రవికిరణ్ సారు గిట్ల నడవడు."

రవికిరణ్ విసుగ్గా మెడ ముందుకు సాచి, భుజాలు వంచి రెండడుగులు వేశాడు.

"ఆఁ, ఇగ ఒప్పుకుంట. పోండి సార్."

చుట్టూ ఉన్నవాళ్లు పడిపడి నవ్వారు. లిఫ్టు దగ్గర నిలబడ్డ రామ్మోహనరావుగారికి ఇవన్నీ కనిపించి ఉండవు కానీ, వినిపించాయి. ఆయన ఒక్కరే నవ్వలేదు.

మర్నాటి నుంచి కొత్త రూలు వచ్చింది. గేటు దగ్గర ప్రతి ఒక్కరూ ఛాతీ విప్పి, పొట్టలోంచి తమ పేరు గట్టిగా పలకాలి. అలా పలికితే కంటి నరాలు వదులవుతాయట.

"అఖిల..."

"వినబడలేదమ్మా! మళ్లీ!" అనేవారు పక్కనే నిలబడ్డ రామ్మోహనరావుగారు.

"అఖిలా!"

తొమ్మిదంతస్తుల వాళ్లూ రామ్మోహనరావుగారిని తిట్టుకుంటూ అరిచారు. డైరెక్టరుగారు కూడా చుట్టూ చూసి, సిగ్గుపడుతూ అరిచారు. లింగయ్యకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. పేరు చెవిన పడగానే ముఖం కూడా ఆనుతున్నట్టే ఉంది. "సారు మెహర్బానీతోని చూపొస్తున్నదే" అని లచ్చమ్మకు చెప్పుకున్నాడు.

పరీక్షకు ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం రామ్మోహనరావుగారు లాబీలోకి వచ్చారు.

"పద లింగయ్యా, కళ్ల డాక్టరు దగ్గరికి."

"ఎందుకు సార్? మంచిగైతున్నది కదా."

ఆయన జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. "ఇది చదువు."

లింగయ్య కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. చివరికి తల దించుకున్నాడు.

"నువ్వు చూడటం లేదయ్యా, వింటున్నావు. వాళ్లచేత పేర్లు అరిపించింది అందుకే. పరీక్ష రోజున నీకోసం ఎవరూ అరవరు కదా."

"అద్దాలు పెడితే తీసేస్తరు సార్."

"మీ సూపర్‌వైజర్ రాజేందర్‌ని అడిగాను. కనిపిస్తే చాలు, అద్దాలున్నా అభ్యంతరం లేదన్నాడు."

"మరి అద్దాలొద్దని మీరే అంటిరి?"

రామ్మోహనరావుగారు అలవాటుగా గడ్డం లోపలికి లాగి, మళ్లీ వదిలేశారు. "మెడనొప్పికి నా కసరత్తు బాగానే పనిచేస్తుంది లింగయ్యా. నీ ఉద్యోగం పణంగా పెట్టేంత నమ్మకం మాత్రం నాకూ లేదు."

తనకున్నంత నమ్మకం ఆయనకే లేదని తెలిసి లింగయ్యకు నవ్వొచ్చింది. తన ఒక్కడి కోసం ఆయన ఆఫీసంతటి చేతా తిట్లు తిన్నారని తలుచుకుంటే గుండె నిండిపోయింది. ఆయన పక్కన నిటారుగా నడిచాడు.

అద్దాలతో లింగయ్య పరీక్ష పాసయ్యాడు. మర్నాడు పొద్దున రామ్మోహనరావుగారు ఛాతీ విప్పి, తన పేరు తానే అరుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. లింగయ్య ఆయన కార్డు చేతిలోకి తీసుకుని ఫొటో చూశాడు, ముఖం చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"జర ఆగండి సార్. ఫొటోల అద్దాలున్నయి. మొఖానికి లేవు. పంపరాదు."

"లింగయ్యా! నేనయ్యా!"

"మీరో కాదో నాకేమెరుక సార్? ఇప్పుడు నేను చూసే పంపాలె."

వెనక బారు పెరిగిపోతోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. రామ్మోహనరావుగారు గొణుక్కుంటూ బ్యాగు అడుగునుంచి పాత కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుకు తుడిచి, పెట్టుకున్నారు. లింగయ్య వైపు చూసి ఉలిక్కిపడ్డారు.

"అదేమిటయ్యా, నీ మీసం ఎప్పుడు తెల్లబడింది?"

"రెండేండ్లాయె సార్. లోపలికి పోండి, మీ వెనక మంది ఆగిండ్రు."